నేనే నొక్కాను మేడమ్

ఆ రోజు నెలాఖరు. మా కంపెనీకి అట్టపెట్టెలు సప్లయ్ చేసే పార్టీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. పదేళ్లుగా వాళ్ల దగ్గరే కొంటున్నాం. "మా పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ నెల బిల్లు డబ్బులు ఈ కొత్త ఖాతాకు వేయండి" అని లెటర్‌హెడ్ మీద, సంతకం, స్టాంపుతో సహా ఉంది. దాని కింద మేం అంతకుముందు వాళ్లకు రాసిన మెయిళ్లు కూడా వరసగా ఉన్నాయి. పేమెంట్లు చూసే అమ్మాయి కొత్త ఖాతా నంబరు ఎక్కించి 6 లక్షల 40 వేలు పంపేసింది. అప్పటికి మధ్యాహ్నం 2 దాటింది.

సాయంత్రం 4:30కి ఆ పార్టీ ఆయన ఫోన్ చేసి, "అమ్మా, ఈ నెలది ఇంకా పడలేదే" అన్నారు. ఆ ఒక్క మాటతో అమ్మాయికి సంగతి అర్థమైపోయింది. మెయిల్ మళ్లీ తెరిచి చూసుకుంది. పంపినవాళ్ల అడ్రస్‌లో ఇంగ్లీషు 'ఎమ్' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన ఉన్నాయి. చిన్న అక్షరాల్లో ఆ రెండూ కలిస్తే అచ్చం 'ఎమ్' లాగే కనపడతాయి. తర్వాత నేను కళ్లజోడు పెట్టుకుని, ఎక్కడ చూడాలో తెలిసి చూసినా, తేడా పట్టుకోవడానికి కాసేపు పట్టింది.

ఆ సాయంత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. బ్యాగు సర్దుకుని, మెట్రో ఎక్కి ఇంటికెళ్లిపోయింది. మర్నాడు 11:30కి, ఆ పార్టీ ఆయన నేరుగా నాకు ఫోన్ చేశాక, వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. "రాత్రంతా ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నా మేడమ్. మీ నంబరు తీశా, పెట్టేశా. మళ్లీ తీశా, పెట్టేశా" అంది. అప్పటికి 19 గంటలు గడిచాయి. బ్యాంకుకు పరుగెత్తాం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. మా డబ్బు ముందు రోజు సాయంత్రం 6, 7 గంటల మధ్య ముక్కలుముక్కలుగా వేరే ఖాతాల్లోకి వెళ్లిపోయిందని తేలింది. ఒక ఖాతాలో 38 వేలు ఆగి ఉన్నాయి. మాకు దక్కింది అదే.

మేం మోసపోయింది మధ్యాహ్నం 2కి. డబ్బు చేయి జారింది సాయంత్రం 6 తర్వాత. ఆ అమ్మాయికి తెలిసింది 4:30కి. అంటే గంటన్నర టైమ్ మా చేతిలో ఉంది. ఆ గంటన్నరను పోగొట్టింది హ్యాకర్ కాదు, నేను. రెండు వారాల ముందు ఒక కుర్రాడు జీఎస్టీ నంబరు తప్పు ఎక్కించాడని సెక్షన్ అందరి ముందూ నిలబెట్టి అరిచాను. "ఇంత చదువుకుని ఇదా?" అన్నాను. ఆ అమ్మాయి సీటు పక్కనే ఆ కుర్రాడి సీటు. 

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా దగ్గర పేమెంటు ఎక్కించే మనిషి వేరు, దాన్ని చూసి ఓకే చేసే మనిషి వేరు. బ్యాంకు పెట్టిన నియమం అది. ఓకే చేయాల్సిన మనిషిని నేను. కానీ నెలాఖరు హడావుడిలో నా పాస్‌వర్డ్ ఆ అమ్మాయి దగ్గరే ఉండేది, ఓటీపీ వస్తే ఫోన్లో చదివి చెప్పేదాన్ని. రెండు తాళాలు పెట్టి రెండు తాళంచెవులూ ఒకే గుత్తికి తగిలించినట్టు. నా చుట్టూ ఉన్న అకౌంట్స్ వాళ్లను అడిగితే సగం మంది ఇదే చేస్తున్నామని మెల్లగా ఒప్పుకున్నారు.

అప్పటి నుంచి ఈ విషయం మీద చదువుతూ, మా కంపెనీలోనే వీలైనంత మార్చే ప్రయత్నం చేస్తూ వచ్చాను. ఆఫీసుల్లో సెక్యూరిటీ అవగాహన పేరుతో మనం చేస్తున్నదంతా లింకుల గురించి, వైరస్‌ల గురించి, పాస్‌వర్డ్‌ల గురించి. దొంగ మాత్రం లోపలికి వస్తున్నది మన మొహమాటం గుండా, మన భయం గుండా. ఈ రెండింటినీ ముట్టుకోని శిక్షణ ఎంత ఖరీదు పెట్టి కొన్నా దండగ అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ సంఘటన తర్వాత మా కంపెనీ ఏం చేసిందో చూడండి. అందరికీ ఒక మెయిల్ వెళ్లింది. పేరు రాయలేదు గానీ ఎవరి గురించో అందరికీ తెలుసు. తర్వాత 40 నిమిషాల వీడియో ఒకటి, ఇంగ్లీషులో, చివర 10 ప్రశ్నలు. వీడియోను ఒక కిటికీలో నడవనిచ్చి పక్క కిటికీలో అందరూ పని చేసుకున్నారు. జవాబులు లంచ్‌లోపే వాట్సాప్ గ్రూపులో తిరిగాయి. నాకూ వచ్చాయి. నూటికి నూరు మంది పాసయ్యామని రిపోర్టు పైకి వెళ్లింది. రెండు నెలలకు ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. తను ఆ నాలుగు సంవత్సరాల్లో పంపిన వేల పేమెంట్లలో తప్పుగా వెళ్లింది ఆ ఒక్కటే.

మన ఊళ్లో జరిగినదే చూద్దాం. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా పోయాయి. పోలీసులు దర్యాప్తు చేసి చెప్పిన దాని ప్రకారం, అంతకు రెండు నెలల ముందే, 2021 నవంబరులో, ఆ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా నకిలీ మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచింది ఇద్దరు. ఆ దారిన లోపలికొచ్చినవాళ్లు వారాల తరబడి కూర్చుని, బ్యాంకు పని ఎలా నడుస్తుందో చూసి, డబ్బును వందకు పైగా ఖాతాల్లోకి, అక్కడి నుంచి మరికొన్ని వందల ఖాతాల్లోకి మళ్లించి ఏటీఎంలలో తీసుకున్నారు. 

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ "ఆ ఇద్దరూ నొక్కకుండా ఉండాల్సింది" అంటారు. నాకు మిగతా మెయిళ్ల మీదికి మనసు పోతుంది. 200 మెయిళ్లు వస్తే, తెరవకుండా వదిలేసినవాళ్లలో కొందరికైనా అది తేడా మెయిల్ అని అనిపించే ఉంటుంది. అలా అనిపించిన మనిషి ఏ ఆఫీసులోనైనా ఏం చేస్తాడు? డిలీట్ కొట్టి తన పని తాను చూసుకుంటాడు. మనకెందుకులే అనుకుంటాడు. ఎవరికి చెప్పాలో తెలియదు, చెప్పినా ఎవరూ పట్టించుకోరని తెలుసు. ఆ ఒక్క మనిషి ఫోన్ ఎత్తి "ఇలాంటిది వచ్చింది, చూడండి" అంటే మిగతా 199 మెయిళ్లు ఎవరెవరికి చేరాయో వెతకొచ్చు. తెరిచిన ఇద్దరి కంప్యూటర్లనూ ఆ రోజే పక్కన పెట్టొచ్చు. ఆ తర్వాత రెండు నెలల టైమ్ ఉంది.

పొరుగు దేశంలో జరిగినది ఇంకా పెద్దది. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకు న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఉన్న ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు లాగేయాలని చూశారు. 8 కోట్ల 10 లక్షల డాలర్లు మనీలా చేరి మాయమయ్యాయి. వాళ్లు లోపలికొచ్చిన దారి, ఉద్యోగం అడుగుతున్నట్టు బయోడేటా జోడించి ఉద్యోగులకు పంపిన మెయిళ్లు. శ్రీలంకలోని ఒక సంస్థ పేరు మీద మరో 2 కోట్ల డాలర్లు వెళ్లబోతుంటే, 'ఫౌండేషన్' అనే మాట స్పెల్లింగు తప్పుగా ఉందని మధ్యలో ఉన్న డాయిష్ బ్యాంకులో పట్టుకుని, ఇది నిజమేనా అని అడిగారు. ఆ ప్రశ్నతోనే ఆ 2 కోట్లూ ఆగాయి. అడిగినవాళ్లు తమ పని తాము చేశారు. "పెద్ద బ్యాంకు నుంచి వచ్చిన ఆర్డరు, మనం అడగడమేమిటి" అనుకోలేదు.

అదే కథలో నా మనసులో నిలిచిపోయిన ఇంకో సంగతి ఉంది. ఇంత డబ్బు పోయిందని కేంద్ర బ్యాంకు తన దేశ ఆర్థిక మంత్రికే చెప్పలేదు. నెల తర్వాత పత్రికల్లో వచ్చాక ఆయనకు తెలిసింది. మార్చిలో గవర్నర్ రాజీనామా చేయాల్సి వచ్చింది. దేశపు కేంద్ర బ్యాంకు పెద్దలకే చెప్పడానికి నోరు రాలేదు. ఇక రాత్రంతా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్న మా 26 ఏళ్ల అమ్మాయిని నేనెలా తప్పు పట్టను?

భయం తర్వాత మొహమాటం. ఇది మన ఇళ్లలో, బళ్లలో మొదలవుతుంది. పెద్దవాళ్లు ఏదైనా చెబితే ఎదురు ప్రశ్న వేయకూడదు. వేస్తే తలపొగరు. ఆఫీసుకొచ్చాక పెద్దవాళ్ల స్థానంలో సారు వస్తారు. సారు రాత్రి 10కి మెసేజ్ పెట్టినా "ఓకే సార్" అనాలి. మోసగాడికి మన కంప్యూటర్ గురించి పెద్దగా తెలియక్కర్లేదు, ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు. ఎమ్‌డీ గారి ఫొటో డీపీగా పెట్టి, "మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయకు, ఈ ఖాతాలకు అర్జెంటుగా వేయి" అని కొత్త నంబరు నుంచి మెసేజ్ పెడతాడు. 2022 సెప్టెంబరులో పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇలాగే, సీఈఓ పేరుతో వచ్చిన వాట్సాప్ మెసేజ్‌ల వల్ల కోటి రూపాయలకు పైగా పోయాయి. దేశానికి టీకాలు తయారు చేసి ఇచ్చిన కంపెనీ అది. అక్కడ తెలివైనవాళ్లు లేరని ఎవరంటారు?

'ఫోన్ చేయకు' అన్న ఆ మాటను కాస్త ఆగి చూడండి. మామూలుగా మన ఆఫీసుల్లో ఆ మాట నిజంగానే సార్లు అంటారు. "ప్రతిదానికీ నాకు ఫోన్ చేస్తావేంటి?" అని విసుక్కుంటారు. మంచి ఉద్యోగి అంటే మళ్లీ అడగకుండా పని పూర్తి చేసేవాడు అని మెచ్చుకుంటారు. ఏడాదంతా మనమే అలా నేర్పించి, మోసం జరిగిన రోజున "ఒక్క ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా" అంటే ఎలా?

ఇప్పుడు మెసేజ్‌లే కాదు, గొంతూ ముఖమూ కూడా నకిలీవే. 2024 మొదట్లో బయటపడిన హాంకాంగ్ కేసులో, ఆరప్ అనే ఇంజనీరింగ్ సంస్థలో పనిచేసే ఫైనాన్స్ ఉద్యోగికి మొదట వచ్చిన మెయిల్ మీద అనుమానం వచ్చింది. తర్వాత వీడియో కాల్‌లో తన పై అధికారి, మిగతా సహోద్యోగులు కనపడి మాట్లాడేసరికి అనుమానం తీరిపోయింది. ఆ కాల్‌లో ఉన్న మిగతావాళ్లంతా ఏఐతో తయారుచేసిన బొమ్మలే. 15 విడతలుగా 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. కళ్లతో చూసి పోల్చుకోవడం నేర్పిస్తే చాలు అనేవాళ్లకు ఇక చెప్పడానికేం మిగిలింది? మనిషికి వచ్చిన మొదటి అనుమానం సరైనదే. ఆ అనుమానాన్ని పట్టుకుని వేరే దారిలో, తన దగ్గర ముందే ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడిగే అలవాటు, అడగడానికి అనుమతి, ఆ రెండూ ఉండాలి.

చాలా కంపెనీలు ఉద్యోగులను పరీక్షించడానికి తామే నకిలీ మెయిళ్లు పంపుతున్నాయి. నొక్కినవాళ్ల జాబితా తయారవుతుంది. కొన్నిచోట్ల ఆ జాబితా మేనేజర్‌కు వెళ్తుంది, అప్రైజల్‌లోకీ వస్తుంది. 2020 డిసెంబరులో, కొవిడ్ కష్టంలో జనం ఉన్నప్పుడు, గోడాడీ అనే అమెరికన్ కంపెనీ తన ఉద్యోగులకు 650 డాలర్ల పండగ బోనస్ ఇస్తున్నామని మెయిల్ పంపింది. వివరాలు నింపినవాళ్లకు రెండు రోజుల తర్వాత, మీరు పరీక్షలో ఫెయిలయ్యారు, మళ్లీ శిక్షణకు రండి అని ఇంకో మెయిల్ పంపింది. గొడవైతే క్షమాపణ చెప్పింది. ఇంట్లో బియ్యం, ఫీజులు లెక్కేసుకుంటున్న మనిషికి బోనస్ ఆశ చూపి కొట్టిన దెబ్బ అది. అలా దెబ్బ తిన్న మనిషి రేపు నిజంగా ఒక తప్పు చేస్తే ఆ కంపెనీ సెక్యూరిటీ టీమ్‌కు చెబుతాడా? వాళ్లను శత్రువుల్లాగే చూస్తాడు.

పోనీ, వీటివల్ల ఉపయోగం ఉందా అంటే, పెద్ద పరిశోధనలు చెప్పేది వేరు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పెద్ద సంస్థలో 14 వేల మందికి పైగా ఉద్యోగుల మీద 15 నెలల పాటు చూశారు. నొక్కిన వెంటనే వచ్చే పాఠం వల్ల మనుషులు జాగ్రత్తపడలేదు సరికదా, కొందరు ఇంకాస్త తేలిగ్గా మోసపోయారని తేలింది. అమెరికాలో శాండియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో 19 వేలకు పైగా ఉద్యోగుల మీద 8 నెలలు చూస్తే, శిక్షణ పొందినవాళ్లకూ పొందనివాళ్లకూ తేడా 1.7 శాతమే. చాలామంది ఆ పాఠం పేజీని నిమిషం కూడా ఉంచకుండా మూసేశారు. మా వీడియో సంగతి గుర్తొచ్చింది నాకు.

అయితే ఆ జ్యూరిక్ పరిశోధనలోనే ఇంకో ముక్క ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఉద్యోగుల మెయిల్‌లో 'ఇది అనుమానంగా ఉంది' అని నొక్కే బటన్ ఒకటి పెట్టారు. జనం విసుగు లేకుండా నెలల తరబడి దాన్ని వాడారు. కొత్త మోసం వచ్చిన కొద్ది నిమిషాల్లోనే ఎవరో ఒకరు పట్టుకుని చెప్పారు. అంటే వేల మందిలో ప్రతి ఒక్కరూ ప్రతిసారీ పట్టుకోవాలని కూర్చుంటే జరగదు. కానీ వేల మందిలో ఒక్కరు పట్టుకుని వెంటనే చెప్పడం జరుగుతుంది. దొంగలు పడ్డ ఊళ్లో ఒక్క ఇంట్లో లైటు వేసి కేకేస్తే ఊరంతా లేస్తుంది. ఊరందరినీ తెల్లవార్లూ మేలుకుని కూర్చోమనడం కుదిరే పని కాదు.

విమానయానంలో ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. అమెరికాలో 1976 నుంచి నాసా ఒక ఏర్పాటు నడుపుతోంది. పైలట్లు, కంట్రోలర్లు తాము చేసిన పొరపాట్లను తామే రాసి పంపొచ్చు. పేర్లు బయటికి రావు. ఆ రాతల నుంచి అందరూ నేర్చుకుంటారు. ప్రాణాలు పోయే పనిలోనే తప్పు చెప్పినవాడిని కాపాడుకుంటున్నారు, ఎందుకంటే చెప్పకపోతే రెండోసారి అదే తప్పు ఇంకెక్కడో విమానాన్ని కూలుస్తుంది.

నేను ఇలా మాట్లాడినప్పుడు మా ఐటీ హెడ్ గారు ఒక మాట అన్నారు. "భయం లేకపోతే ఎవరూ జాగ్రత్తగా ఉండరు మేడమ్. ఏం చేసినా ఫర్వాలేదని అనుకుంటారు." ఆయన మాటను తేలిగ్గా తీసేయను. కస్టమర్ల డేటా బయట అమ్ముకునేవాడు, వద్దని చెప్పినా పదేపదే పాస్‌వర్డ్ పంచుకునేవాడు వేరు. వాళ్ల మీద చర్య తీసుకోవాల్సిందే. నేను మాట్లాడుతున్నది పని ఒత్తిడిలో ఒక మెయిల్ చూసి మోసపోయిన మనిషి గురించి. ఆ మనిషికి శిక్ష వేస్తే మోసపోవడం ఆగదు, చెప్పడం ఆగిపోతుంది. ఆయనకు నేను చూపించిన లెక్క ఒకటే: 4:30కి, 11:30కి మధ్య ఉన్న 19 గంటలు. ఇంకా చెప్పాలంటే, పెద్ద సైబర్ దాడి ఏదైనా జరిగితే 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 నుంచి మన ప్రభుత్వ నియమమే ఉంది. కింది ఉద్యోగి మర్నాటి దాకా నోరు విప్పని చోట ఆ 6 గంటల నియమం ఎలా నిలబడుతుంది?

పాస్‌వర్డ్‌ల గురించి ఎక్కువ చెప్పను. 45 రోజులకోసారి మార్చమంటే జనం చివరి అంకె ఒక్కటి పెంచుతారు, అది అందరికీ తెలుసు. ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. మన ఆఫీసులు ఇంకా మార్పిస్తూనే ఉన్నాయి. మా ప్లాంటులో స్టోర్స్ కంప్యూటర్ పాస్‌వర్డ్ గోడ మీది క్యాలెండర్‌లో, ఆ నెల పేజీ మీద, ఏకాదశి పక్కన పెన్సిల్‌తో రాసి ఉండేది. మూడు షిఫ్టుల్లో ఆరుగురు వాడే కంప్యూటర్‌కు ఒకే లాగిన్ ఇచ్చి, అది రహస్యంగా ఉండాలనడం మన తప్పు. ఆరుగురికీ వేర్వేరు లాగిన్లు ఇచ్చాక క్యాలెండర్ మీద తిథులు మాత్రం మిగిలాయి.

ప్లాంటు మాట వచ్చింది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుతాను. పటాన్‌చెరు దాటాక ఉంది మా ప్లాంటు. హెడ్డాఫీసులో శిక్షణ ఇంగ్లీషులో నడిచింది, ప్లాంటులో అసలు నడవనే లేదు. వే బ్రిడ్జి ఆపరేటర్లు, గేటు సెక్యూరిటీ, స్టోర్స్ కుర్రాళ్లు, హౌస్ కీపింగ్ అమ్మలు, చాలామంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు. కంపెనీ మెయిల్ ఐడీ లేదు కాబట్టి వాళ్లు శిక్షణ లెక్కలోకే రాలేదు. కానీ లారీ తూకం నమోదయ్యే కంప్యూటర్ వాళ్ల చేతుల్లో ఉంది. లోపలికి ఎవరిని రానివ్వాలో వాళ్ల చేతుల్లో ఉంది. రాత్రి మేమంతా వెళ్లాక మా టేబుళ్ల మీద కాగితాలు సర్దేది వాళ్లే.

అక్కడ తెలుగులో కూర్చుని మాట్లాడదామని అడిగి వెళ్లాను. క్యాంటీన్‌లో, షిఫ్టు మారే టైమ్‌లో, ప్రొజెక్టర్ లేకుండా. కంపెనీ గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు మొదట. "మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఫోన్ వచ్చిందా?" అని అడిగాను. అంతే. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఆపడం నా వల్ల కాలేదు. ఒకాయన వాళ్ల నాన్నకు "ఈ రాత్రి 9:30కి మీ కరెంటు కట్ చేస్తాం" అని మెసేజ్ వస్తే భయపడి ఆ నంబరుకు ఫోన్ చేశారట, 12 వేలు పోయాయి. ఒకబ్బాయి ఫోన్‌కు తెలిసిన నంబరు నుంచి పెళ్లి శుభలేఖ వచ్చింది, తెరిస్తే అది శుభలేఖ కాదు, ఏపీకే ఫైలు, ఫోన్‌లోకి యాప్ ఎక్కేసింది. హౌస్ కీపింగ్‌లో పనిచేసే ఆవిడ ఒకరు అందరూ వెళ్లేదాకా ఆగి, నా దగ్గరికొచ్చి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నాకూ పోయినయి మేడమ్, మా ఇంటాయనకు ఇప్పటికీ చెప్పలే" అన్నారు. ఎంత అని నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

నాకు ఆ రోజు అర్థమైంది, సిగ్గు అనేది ఆఫీసు గేటు దగ్గర మొదలయ్యేది కాదని. ఇంట్లో చెప్పుకోలేని మనిషి ఆఫీసులో చెప్పగలడా? అందుకే ఇప్పుడు ఏ సెక్షన్‌కు వెళ్లినా ఇంటి నుంచే మొదలుపెడతాను. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే బ్యాంకులు ఆ డబ్బును అంత త్వరగా ఆపగలవు, తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎక్కించాలి, ఇది ఇంట్లోవాళ్లందరికీ చెప్పండి అంటాను. వాళ్ల నాన్నకు చెప్పడానికి నేర్చుకున్నది వాళ్లకు గుర్తుంటుంది. ఆఫీసు కోసం నేర్చుకున్నది పరీక్షతో పోతుంది.

పైనుంచి కూడా ఒకటి మారాలి, అది లేకుండా ఇదంతా గాలికిపోతుంది. మా ఎమ్‌డీ గారిని నేను అడిగింది ఒక్కటే. "సార్, మీరే అందరి ముందూ చెప్పండి. వాట్సాప్‌లో డబ్బు పంపమని మీరు అడిగితే, మీకు ఫోన్ చేసి కనుక్కోమని. మీరు విసుక్కున్నా సరే చేయమని." ఆయన చెప్పారు. నిజం చెప్పాలంటే, చెప్పడం వరకు తేలికే. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన ముంబయి ఎయిర్‌పోర్టులో ఉన్నారు. ఒక పోర్టు చార్జీ నిజంగానే అర్జెంటు. ఆయనే, తన నంబరు నుంచే, మెసేజ్ పెట్టారు. అప్పటికి ఆరు నెలల సర్వీసున్న మా కుర్రాడు పేమెంటు ఎక్కించకుండా ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారి ఎత్తి, "మెసేజ్ పెట్టాను కదయ్యా!" అని గట్టిగానే అన్నారు. కుర్రాడి చెవులు ఎర్రబడటం నేను పక్క సీటు నుంచి చూశాను. "సార్, మీరే కదా కనుక్కోమన్నారు. ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు ఒక్కసారి చదవండి సార్" అన్నాడు. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆయన అంకెలు చదివారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. సోమవారం ఆయన మా సెక్షన్‌కు వచ్చి ఆ కుర్రాడి టేబుల్ దగ్గర నిలబడి, "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అన్నారు. మా సెక్షన్‌లో మోసం గురించిన శిక్షణ అంటే నా లెక్కలో అదే.

మేం ఇంకో పని చేశాం. తప్పు జరిగినా, అనుమానం వచ్చినా చేయాల్సిన ఫోన్ నంబరు ఒక్కటే పెట్టాం. అది రాత్రీపగలూ ఎవరో ఒకరు ఎత్తుతారు, రాత్రిళ్లు వారం వారం వంతులు. ఎత్తగానే అనాల్సిన మొదటి మాట కూడా నిర్ణయించుకున్నాం: "చెప్పి మంచి పని చేశారు, ఇప్పుడు ఏం చేద్దామో చూద్దాం." ఎందుకు చేశావు, ఎలా చేశావు అన్న ప్రశ్నలు మర్నాటికి. ఎవరు ఎంత కోపంలో ఉన్నా ఆ వరస మార్చకూడదు. ఈ ఒక్క నియమం పాటించడం నాకే కష్టమైంది. పద్దెనిమిదేళ్ల అలవాటు నాలుక మీదే ఉంటుంది.

పోయిన డిసెంబరులో నా వంతు వారం. పొద్దున్న 6:10కి ఫోన్ మోగింది. ప్లాంటు వే బ్రిడ్జి ఆపరేటర్. గొంతు వణుకుతోంది.

"మేడమ్, నేనే నొక్కాను మేడమ్. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల బిల్లు అనుకున్నా. స్క్రీన్ మీద ఏదో నల్లగా వచ్చి పోయింది."

"ఎంతసేపైంది?"

"ఇప్పుడే. రెండు నిమిషాలు."

"మంచి పని చేశారు చెప్పి. కంప్యూటర్ వెనక నీలం రంగు నెట్ వైరు ఉంటుంది చూడండి, దాన్ని లాగేయండి. కంప్యూటర్ ఆపొద్దు, దేన్నీ ముట్టుకోవద్దు."

వైరు ఊడిన చప్పుడు నాకు ఫోన్లో వినపడింది. ఐటీ వాళ్లు 8 గంటలకు వెళ్లి చూశారు. ఫైళ్లకు తాళాలేసి డబ్బు అడిగే రకం అది, ఆ ఒక్క కంప్యూటర్ దాటి పోలేదు. వే బ్రిడ్జి మధ్యాహ్నం 2 దాకా ఆగింది. లారీలు గేటు బయట రోడ్డు దాకా నిలబడ్డాయి. ఆపరేటర్ పాత రిజిస్టర్ తీసి, తూకాలు చేత్తో రాసి, ఒక్కొక్క డ్రైవర్‌కు చిట్టీ చింపి ఇస్తూ కూర్చున్నాడు.